ఎర్ర గొట్టం, నీలం గొట్టం

మా అక్క మొగుడు పెద్దాసుపత్రిలో చెవులు పరీక్షిస్తాడు. ఆయన డాక్టరు కాదు, టెక్నీషియన్. ఎవరైనా "డాక్టరుగారూ" అంటే తప్పకుండా దిద్దుతాడు. కాకపోతే దిద్దే ముందు ఓ క్షణం ఆగుతాడు. మనిషి జీవితంలో అలాంటి క్షణాలు ఎన్నో రావు గనక మేమెవ్వరం ఆయన్ని తొందరపెట్టం.

ఆయన రాజ్యం రెండో అంతస్తులో మెట్ల పక్కన ఉంది. గదిలో గది. లోపలి గది గోడలకు మెత్తని పలకలు, ఒక కుర్చీ, ఒక చిన్న అద్దాల కిటికీ. అందులో కూర్చున్నవాడికి తన గుండె చప్పుడు తప్ప లోకం వినబడదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు: కుడి చెవికి ఎర్రది, ఎడమ చెవికి నీలంది. ఈ రంగులు ప్రపంచమంతటా ఇంతేనని బావ చెబుతాడు, ఆ ఏర్పాటు తానే చేసినంత నిబ్బరంగా. చేతికి ఒక బటన్ ఇచ్చి ఆయన చెప్పే మాటలు ఇరవై రెండేళ్ళుగా అక్షరం మారలేదు: "వినబడితే నొక్కండి. వినబడకపోతే నొక్కకండి. వినబడినట్టు అనిపిస్తే మాత్రం అస్సలు నొక్కకండి."

ఈ మూడో వాక్యం దగ్గరే మానవజాతి తప్పుతుందట. "ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఒక్కసారైనా దొంగ నొక్కుడు నొక్కుతాడురా. జడ్జీలు కూడా," అంటాడు బావ. మనుషుల మీద ఆయనకున్న నమ్మకం అంతంతమాత్రం.

తన చెవుల మీద నమ్మకం మాత్రం అపారం. ఫ్యాను బేరింగు పోవడానికి నెల ముందే చెప్పేస్తాడు. మెట్లెక్కుతున్నది ఎవరో చెప్పుల చప్పుడును బట్టి చెబుతాడు. మా ఇంట్లో గోడ గడియారం నడుస్తోందా లేదా అని ఎవరూ తలెత్తి చూడరు, బావనడుగుతారు. ఇన్ని వినే మనిషికి భోజనాల దగ్గర మా అక్క చెప్పే మాటలు మాత్రం వినబడేవి కావు. దాన్ని రోగమని ఎవరూ అనుకోలేదు. సంసారం అనుకున్నారు.

ఇలాంటి మనిషి ఒక ఉదయం ఆసుపత్రి వెనక సందులో టీ తాగుతుండగా ఒక మోత విన్నాడు.

ఆ మోత ఎలా ఉందో ఆయన మాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు, వందసార్లూ సగంలో ఆగిపోయాడు. ఉరుము కాదట. ఉరుము వెళ్ళిపోయాక వంటింటి గిన్నెల్లో కాసేపు మిగిలి ఉంటుందే, అదట. అది అంతటితో ఆగక, నేలలోంచి కాళ్ళలోకి ఎక్కి, పక్కటెముకల్లో కూర్చుందట. చేతిలో టీ చల్లారిపోయింది. గ్లాసు పట్టుకునే మోత వెంట నడిచాడు. టీకొట్టువాడు "సార్, గ్లాసు!" అంటూ వెనకాల నడిచాడు. ఆ ఊరేగింపు సందు చివర ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది.

షెడ్డులో ఒక లేత్ మిషను, దాని పక్కన ఒక ముసలాయన, ఆయన ముందు మోగుతున్న ఆ బండి, ఒక పాతకాలపు మోటారుసైకిలు.

నేను తరువాత చూశాను గనక నా కళ్ళతోనే చెబుతాను. వెండిరంగు టాంకు, పొడుగ్గా, మోకాళ్ళు ఆనించడానికి రెండు పక్కలా నొక్కులు. హ్యాండిల్ ఎంత కిందికి ఉందంటే నడిపేవాడు కూర్చోవడం కాదు, సగం సాష్టాంగపడాలి. పక్కపక్కన రెండు సిలిండర్లు. వాటి వెనక రెండు కార్బురేటర్లు, ఒక్కో సిలిండర్‌కు గాలీ పెట్రోలూ కలిపి పోయడానికి ఒక్కొక్కటి. చెరో పక్కా ఒక సైలెన్సర్. ఒక కాలంలో పందేల్లో పరిగెత్తిన జాతి అది. తయారుచేసిన కంపెనీ మా బావ పుట్టకముందే మూతపడింది. నిలబడి ఉన్నప్పుడు కూడా అది ఎక్కడినుంచో ఇప్పుడే వచ్చినట్టు, మనల్ని చూసి మర్యాదకి ఆగినట్టు ఉంటుంది. నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు. అయినా దాని ముందు నిలబడగానే చేతులు జేబుల్లోంచి వాటంతట అవే బయటికొచ్చాయి.

ముసలాయన్ని అందరూ లేత్ తాత అంటారు. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో, ఇనుము బాదే పెద్ద సుత్తుల పక్కన పనిచేశాడు. సుత్తులు ఆయన జీతం ఆయనకిచ్చి, చెవులు రెండూ పుచ్చుకున్నాయి. ఇప్పుడు పిడుగు పడినా వినబడదు. బల్లమీద ఒక పలక, సుద్దముక్క ఉంటాయి. మనం రాస్తే ఆయన మాట్లాడతాడు, అవతలి వీధికి కూడా ఉపయోగపడేలా.

బావ పలకమీద "అమ్ముతారా?" అని రాశాడు.

"నువ్వేం చేస్తుంటావు?"

"చెవులు పరీక్షిస్తాను."

తాత అది చదివి స్టూలు మీద కూలబడి నవ్వాడు. "ఇప్పుడా రావడం నాయనా! ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది!"

నవ్వు ఆగాక తన షరతు చెప్పాడు. బండిని ఇంతకుముందు రెండుసార్లు అమ్మి రెండుసార్లూ వెనక్కి తెచ్చుకున్నాడట. ఒకడు దానికి ఎర్రరంగు వేశాడు. ఇంకొకడు సైలెన్సర్లు పీకి, మోత పెరగాలని ఖాళీ గొట్టాలు పెట్టాడు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. బండి ఇస్తాడు, కాగితాలు ఇవ్వడు. ఆరు నెలలపాటు నెలనెలా మొదటి ఆదివారం బండిని తెచ్చి చూపించాలి. "ఆరోసారికి కూడా అది సరిగ్గా ఊపిరి తీయకపోతే, నీ డబ్బు నీది, నా బండి నాది. దెబ్బలాట లేదు."

బావ ఒప్పుకున్నాడు. చెవులతో బతికే మనిషికి ఒక చెవిటాయన పెట్టే పరీక్ష ఏపాటిది?

బండి ఇంటికొచ్చిన రోజు అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"సీటు ఎంతమందికండీ?"

"ఒక్కరికి."

"సరే. అర్థమైంది."

ముందుగదిలో సోఫా ఉండే చోట బండి నిలబడింది, సోఫా వసారాలోకి వెళ్ళింది. నూనె నేల మీద కారకుండా ఇంజను కింద అక్క వంటింటి పెద్ద పళ్ళెం పెట్టారు. అక్క అడగలేదు, బావ చెప్పలేదు. కానీ ఆ నెలంతా ఆయనకు చిన్న పళ్ళెంలోనే భోజనం.

ఆ బండిని చూసుకోవడం అంటే ఏమిటో నేను ఆ ఆరు నెలల్లో చూశాను. చెయిన్ను లంకె లంకెగా టూత్‌బ్రష్‌తో తోమేవాడు. చక్రం చువ్వల్ని ఒక్కొక్కదాన్నీ చెంచాతో తట్టి వినేవాడు. అన్నీ ఒకే స్వరం పలకాలి, ఏది బేసురైతే దాన్ని పావు మర బిగించాలి. ఇంజను నూనె తీసి వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులో పెట్టి, వాసన చూసి, ఆఖరికి నాలుక దగ్గరికి తీసుకెళ్ళబోతే అక్క కేకేసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పూజారికి కూడా అంత నిష్ఠ ఉండదు.

అన్నిటికంటే కష్టం ఆ రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ పీలిస్తే ఆ పక్క సిలిండర్ బరువంతా లాగుతుంది, రెండోది కూర్చుని తింటుంది. ఉమ్మడి కుటుంబం లాగా. పాత మెకానిక్కులు రబ్బరు గొట్టం ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర, ఇంకో కొస చెవిలో పెట్టుకుని, ఆ బుస విని సరిచేస్తారట. మా బావ అంతటి వాడికి ఒక గొట్టమేమిటి? ఆసుపత్రిలో పారేసిన హెడ్‌ఫోన్ల పట్టీ తెచ్చి, రెండు చెవులకూ రెండు గొట్టాలు అమర్చాడు. కుడి చెవికి ఎర్రటేపు చుట్టిన గొట్టం, ఎడమ చెవికి నీలంటేపు చుట్టింది. ఎర్రది కుడి కార్బురేటర్‌కి, నీలంది ఎడమదానికి. రెండు బుసలూ ఒకేసారి విని, సమానమయ్యేదాకా మరలు తిప్పడం.

"ఇది ఇంతవరకూ ఎవడికీ తట్టలేదురా బావమరిదీ," అన్నాడు. అది తలకు తగిలించుకుని మోకాళ్ళ మీద కూర్చుంటే, బండి ఆయనకేదో రహస్యం చెబుతున్నట్టూ, ఈయన తలాడిస్తున్నట్టూ ఉండేది.

మొదటి ఆదివారం వచ్చింది. బావ బండి మీద, నేను బస్సులో. తాత ఇంజను నడుస్తుండగా వెనక్కి వెళ్ళి, గొంతుక్కూర్చుని, రెండు సైలెన్సర్ల వెనక జానెడు దూరంలో రెండు అరచేతులూ పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చలికి మంట కాచుకుంటున్నట్టుంది. తరువాత టాంకు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు.

"ఎడమది ఎక్కువ లాగుతోంది," అన్నాడు. "తీసుకెళ్ళి సరిచెయ్యి."

ఇంటికొచ్చాక బావ ఇంటి కప్పు ఎగిరిపోయేలా నవ్వాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావురా అన్నాట్ట! నేను రెండు చెవులతో విని సమానం చేస్తే, ఈయన చేతులు ఊపి తప్పంటాడా?"

అయినా మళ్ళీ గొట్టాలు పెట్టుకున్నాడు. సమానంగానే ఉంది. రెండో నెల తాత అదే మాట అన్నాడు. మూడో నెలా అంతే. నాలుగో నెల, ఇంజనులోంచి పొగగొట్టాలు బయటికొచ్చే చోటు చూపించాడు: ఎడమ గొట్టం మీది మెరుపు వేడికి నీలం తిరిగింది, కుడిది ఇంకా తెల్లగా ఉంది. బావ పలక తీసుకుని, ముందుగదిలో కిటికీ ఎడమ పక్కనుందని, ఎండ అటే పడుతుందని రాశాడు. తాత చదివి, పలక తుడిచి పక్కన పెట్టాడు. తప్పు పట్టి ఉంటే బావకి తేలిగ్గా ఉండేది.

ఐదో నెల వెళ్ళేసరికి షెడ్డులో ఒక మూల శుభ్రంగా ఊడ్చి ఉంది. బండి పొడుగుకి సరిపడా టార్పాలిన్ మడిచి పెట్టి ఉంది. ఎవరికోసమని మేమడగలేదు.

ఆ నెల బావ సరిగ్గా తినలేదు. పళ్ళెం సైజు పెద్దదైనా తినలేదు. ఉదయం లేవగానే ముందుగదిలోకి వెళ్ళి టాంకు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. "ఇచ్చేస్తే ఇచ్చేస్తాం లెండి, ప్రాణం మీదికి తెచ్చుకోకండి," అంది అక్క. ఆయన వినలేదు. ఎడమ పక్కనుంచి అంది.

ఆరో ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. అక్క ఆ గొట్టాల పట్టీ జిడ్డు చూడలేక సబ్బునీళ్ళతో తుడిచి మేకుకు తగిలించింది. బావ ఇంజను వేసి, కళ్ళు బండి మీదే పెట్టి, చెయ్యి వెనక్కి చాచి పట్టీ అందుకుని తలకు తగిలించుకున్నాడు. తిరగేసి. ఎర్ర గొట్టం ఎడమ చెవిలోకి వెళ్ళింది, నీలంది కుడి చెవిలోకి. కింది కొసలు మాత్రం రంగు చూసుకుని మామూలుగానే పెట్టాడు.

ఒక్కసారిగా ముఖం పాలిపోయింది.

"అయిపోయిందిరా! కుడిది చచ్చిపోయింది! ఎడమది ఆవిరి ఇంజనులా ఉంది!"

పట్టీ లాగి చూశాడు. తిరగబడిందని గమనించి సరిగ్గా పెట్టుకున్నాడు. ముఖం కుదుటపడింది. సమానం. మళ్ళీ, ఎందుకో, తీసి తిరగేసి పెట్టుకున్నాడు. మళ్ళీ సరిగ్గా. మళ్ళీ తిరగేసి. నాలుగోసారి చేతులు ఆగిపోయాయి. ఇంజను ఆపేశాడు. ముందుగదిలో గోడ గడియారం చప్పుడు ఒక్కటే మిగిలింది.

"బండికేమీ కాలేదురా," అన్నాడు మెల్లగా.

అప్పుడు నాకు కూడా తెలిసింది. ఎడమ చెవికి తక్కువ వినబడుతోంది గనక, అటువైపు బుస చాలదనుకుని, ఆర్నెల్లుగా ఎడమ కార్బురేటర్‌ను తెరుస్తూ వచ్చాడు. రెండు చెవులూ సమానమని చెప్పే దాకా. ఊళ్ళో వాళ్ళందరి చెవులూ చూసిన మనిషి ఇరవై రెండేళ్ళలో తన చెవి చూసుకోలేదు. లోహంతో చేసిన ఒక పాతబండి, నోరు లేనిది, నెలనెలా ఆయన్ని పరీక్షించి, ఫలితాన్ని పొగగొట్టం మీద నీలంరంగుతో రాసి పెట్టింది.

"చీర మార్చుకో. ఆసుపత్రికి వెళ్దాం," అన్నాడు అక్కతో.

శనివారం మధ్యాహ్నం ఆ అంతస్తులో ఎవరూ లేరు. బావ అక్కకి మిషను మీద ఏది తిప్పాలో, ఎక్కడ ఆపాలో, కాగితం మీద గుర్తులు ఎలా వెయ్యాలో చూపించి, లోపలి గదిలోకి వెళ్ళి, మొదటిసారిగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే "ఈ కుర్చీ కిర్రుమంటోంది, ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదు," అన్నాడు. అక్క తలుపు మూసే ముందు గొంతు సవరించుకుంది.

"వినబడితే నొక్కండి. వినబడకపోతే నొక్కకండి. వినబడినట్టు అనిపిస్తే మాత్రం అస్సలు నొక్కకండి."

పెళ్ళైన నాటినుంచీ ఆ మాట చెప్పే అవకాశం కోసమే ఎదురుచూసినట్టు చెప్పింది.

కుడి చెవి అయింది. ప్రతి చప్పుడుకీ నొక్కాడు. ఎడమ చెవికి వచ్చేసరికి కిటికీలోంచి ఆయన బొటనవేలు ఒక్కటే నాకు కనబడింది. సన్నని స్వరాల దగ్గర అక్క మీట తిప్పి చప్పుడు పెంచుతూ పోయింది. ఇరవై. ముప్ఫై. నలభై. బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలలేదు. పక్కనున్న నాకు అక్క చెయ్యి కనబడుతోంది గనక ఎప్పుడు మోగుతోందో తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని ఇరవై రెండేళ్ళ అనుభవంతో ఆయన లెక్క కట్టలేడా? ఏ క్షణాన ఏ స్వరం వస్తుందో నిద్రలో లేపినా చెప్పగలడు. రేపు పోబోయేది ప్రాణంలాంటి బండి. ఒక్క దొంగ నొక్కుడు చాలు, తప్పు గొట్టాలదో సబ్బునీళ్ళదో అయిపోతుంది. జడ్జీలు నొక్కారు. మా బావ నొక్కలేదు. యాభై దాటాక, నిజంగా వినబడ్డాక, నొక్కాడు.

నేను ఆయన్ని పెళ్ళికొడుకు బట్టల్లో చూశాను, అవార్డు తీసుకుంటుంటే చూశాను. ఆ బటన్ ముందు ఉన్నంత ఎత్తులో ఎప్పుడూ చూడలేదు.

కాగితం మీద ఎర్ర గీత నేలలా చదునుగా ఉంది. నీలం గీత సగం దూరం కలిసి నడిచి, చివర్లో మెట్లు దిగిపోయింది. అక్క దాన్ని చాలాసేపు చూసింది.

"అయితే ఇన్నేళ్ళూ మీరు నన్ను లెక్కచెయ్యట్లేదనుకున్నానే!"

"నాకు వినబడట్లేదని చెప్పొచ్చుగా?"

"చెప్పా."

"ఎప్పుడు?"

"అన్నం దగ్గర. ఎడమ పక్కన కూర్చుని."

మర్నాడు బావ బండిని సరిచేయకుండానే తీసుకెళ్ళాడు. ఒక్క కుడి చెవితో అటూ ఇటూ వింటే పావుగంటలో సరిపోయేది. నేను ఆ మాటే అన్నాను. "ముందు ఆయనకి చెప్పాలిరా," అన్నాడు. షెడ్డులో పలక తీసుకుని, "తప్పు బండిది కాదు, మీది కాదు. నా ఎడమ చెవిది," అని రాసి, పరీక్ష కాగితం దాని పక్కన పెట్టాడు.

లేత్ తాత కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశాడు. లోపలికి వెళ్ళి, సొరుగు వెతికి, పసుపు తిరిగిన ఇంకో కాగితం తెచ్చి దాని పక్కన పరిచాడు. ఫ్యాక్టరీ రోజులదట. ఎర్ర గీత, నీలం గీత. రెండూ చివర్లో మెట్లు దిగుతున్నాయి, బావది దిగిన చోటే.

"నాదీ ఇక్కడే మొదలైంది," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు షెడ్డు దాటలేదు. "అప్పుడు నేను మిషను తప్పన్నాను. నువ్వు నయం."

మూల ఊడ్చి ఉంచిన చోటు మా ముగ్గురికీ కనబడుతూనే ఉంది.

"ఆరోసారి నేనింకా చెయ్యి పెట్టలేదుగా," అన్నాడు తాత. "ఇంజను వెయ్యి. ఇలా రా."

బావ ఇంజను వేయగానే తాత ఆయన మణికట్లు పట్టుకుని బండి వెనక్కి లాక్కెళ్ళి, గొంతుక్కూర్చోబెట్టి, ఆయన రెండు అరచేతులూ సైలెన్సర్ల వెనక పెట్టించాడు. "చెవులు మర్చిపో. ఊపిరి చూడు. ఏది గట్టిగా తోస్తోంది?"

బావ కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఎడమ అరచెయ్యి వెనక్కి జరిగింది, ఎవరో నెట్టినట్టు. "అమ్మో," అన్నాడు. లేచి వెళ్ళి ఎడమ మర పావు తిప్పాడు, వచ్చి చేతులు పెట్టాడు. మళ్ళీ వెళ్ళాడు. అలా తొమ్మిదిసార్లో పదిసార్లో. ఆఖరిసారి మర వెంట్రుకవాసి కదిలించాడు, అంతే, షెడ్డులో ఏదో మారిపోయింది.

అప్పటిదాకా నేను వింటున్నది రెండు మోతలని నాకు అప్పుడు తెలిసింది. ఆ రెండూ ఒకటై కూర్చున్నాయి. బల్లమీద సుద్దముక్క దొర్లడం ఆపింది. లేత్ మీద ఇనపపొట్టు గలగల ఆగింది. ఉరుము వెళ్ళిపోయాక గిన్నెల్లో మిగిలేది. బావ వందసార్లు సగంలో ఆపిన మాట ఇదేనన్నమాట.

తాత టాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చాలాసేపటికి పలక బావ చేతికిచ్చాడు.

"నేను దీన్ని విని ఇరవై ఏళ్ళయింది. ఎలా ఉంది?"

బావ రాశాడు, తుడిచాడు, మళ్ళీ రాశాడు. చివరికి "ఒక్కటే మోత" అని ఉంచాడు.

"నీ ఎడమ చెవికి కూడానా?"

బావ కుడి చెవిని వేలితో మూసుకుని, ఎడమ చెవిని ఇంజను దగ్గరికి వంచి, ఒక నిమిషం పూర్తిగా విన్నాడు. ముసలాయన కళ్ళు ఆయన ముఖం మీదనుంచి కదలలేదు. "అవును" అని రాస్తే పోయేదేమీ లేదు. బావ సుద్దముక్క తీసుకుని, "దానికి తక్కువ" అని రాశాడు.

తాత అది చదివి, తల ఊపి, లోపలికి వెళ్ళి బండి కాగితాలు తెచ్చిచ్చాడు. వాటితోపాటు మూల మడిచి పెట్టిన టార్పాలిన్ కూడా. "వానలో తడవనివ్వకు. ఎండ ఎడమ పక్కే పడుతుందన్నావుగా, దానికి కూడా కప్పు," అని అవతలి వీధికి వినబడేలా నవ్వాడు.

ఇప్పుడు మా అక్క భోజనాల దగ్గర కుడి పక్కన కూర్చుంటోంది. బావ ఈ ఏర్పాటు వల్ల తనకు కలిగిన లాభనష్టాల గురించి ఇంతవరకూ ఏమీ చెప్పలేదు.

ఆ రోజు బావ కాగితాలు జేబులో పెట్టుకుని ఇంకాసేపు తాత దగ్గరే ఉండిపోయాడు. నేను ఎప్పటిలాగే బస్సెక్కాను. పెద్దవీధి మలుపు దగ్గర మమ్మల్ని దాటి వెళ్ళాడు, వెండిరంగు టాంకు మీద సగం సాష్టాంగపడి. బస్సులో మాటలు ఆగిపోయాయి. డ్రైవరు కూడా అటు తిరిగాడు. నేను కళ్ళు మూసుకుని కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టాను. అద్దం సన్నగా అదురుతోంది. అది ఆ బండి ఊపిరో, మా బస్సు ముసలి ఇంజనో నేను చెప్పలేను. అనిపించినంత మాత్రాన నొక్కకూడదు.